జలాంతర్గామికి రేడియో సిగ్నల్ నీటిలో ఎలా అందుతుంది?

మామూలు రేడియో అయితే అందదు. సముద్రపు నీటిలో ఉప్పు ఉంటుంది కాబట్టి విద్యుత్ ప్రవహిస్తుంది. తరంగం లోపలికి రాగానే దాని శక్తి ఆ ప్రవాహాల్లో వేడిగా మారిపోతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ త్వరగా హరించుకుపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై కొన్ని సెంటీమీటర్లలోనే ఖతం. అదే 20 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రతి 1.8 మీటర్లకూ తరంగం ఎత్తు (యాంప్లిట్యూడ్) సుమారు 37 శాతానికి తగ్గుతుంది. అందుకే బాగా శక్తిమంతంగా పంపితే పది మీటర్లు దాటిన లోతులో కూడా పట్టుకోవచ్చు.

తమిళనాడులో తిరునల్వేలి దగ్గరి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అనే నేవీ రేడియో స్టేషన్ చేసే పని ఇదే. 2024లో వికారాబాద్ జిల్లా దామగుండంలో శంకుస్థాపన చేసిన నేవీ స్టేషన్ కూడా ఈ కోవదే (అందరూ రాడార్ అంటున్నారు గానీ, నిజానికి ట్రాన్స్‌మిటర్). ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీలో మాటలు పట్టవు, నిదానంగా అక్షరాలే వెళ్తాయి.