వేగస్ దగ్గర సరస్సు దాకా తేలికైన నడక: అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

మీరు అడిగింది: డిసెంబర్‌లో ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారు, అమ్మకి మోకాళ్ల నొప్పి, వేగస్ దగ్గర ఎడారిలో నడిచి సరస్సు చూసే చోటు ఏదైనా ఉందా అని. ఉంది. లేక్ మీడ్ పక్కన హిస్టారిక్ రైల్‌రోడ్ ట్రయిల్. నేను రెండుసార్లు వెళ్లాను, మొదటిసారి తప్పుగా వెళ్లాను.

హూవర్ డ్యామ్ (లేక్ మీడ్ ఈ డ్యాము వెనక నిలిచిన నీళ్లే) కట్టడానికి 1931లో వేసిన రైలు మార్గం ఇది. బరువైన బళ్ల కోసం వేసిన దారి కాబట్టి చదునుగా, వెడల్పుగా ఉంటుంది. ఆయాసపడే ఎక్కుడు పెద్దగా లేదు. పట్టాలు 1962లో పీకేసి పాత ఇనుముకి అమ్మేశారట. మా మామగారు గుంతకల్లులో రైల్వేలో చేసి రిటైరయ్యారు. అక్కడికి రాగానే ఆయన మొదటి మాట, "పట్టాలేవి బాబూ?" దారిలో ఐదు సొరంగాలు వస్తాయి. మొదటి దాంట్లో నిలబడి పైకి చూసి, "ఒక్క లైనుకి ఇంత పెద్ద కన్నం ఎందుకు తవ్వారు?" అన్నారు. డ్యాముకి కావాల్సిన భారీ పైపు ముక్కలు, యంత్రాలు పట్టాలి కదా, అందుకే దాదాపు 25 అడుగుల వ్యాసంతో తవ్వారు. లోపల చల్లగా ఉంటుంది. దారి మొత్తానికి నీడ అంటే అదే.

ఎడమ పక్కన కిందంతా లేక్ మీడ్. నీళ్లకి పైన కొండల చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లటి పట్టీ కనిపిస్తుంది. ఒకప్పుడు నీళ్లు అంతవరకూ ఉండేవి, దిగిపోయాక రాళ్లకి పట్టిన ఖనిజాలు మిగిలాయి. 2022 జులైలో నీటి మట్టం సముద్ర మట్టానికి 1,040 అడుగుల ఎత్తుకి పడిపోయింది, 1937లో సరస్సు నిండుతున్న రోజుల తర్వాత అంత కిందికి ఎప్పుడూ రాలేదు.

ఇక నా తప్పు. మొదటిసారి జూన్‌లో, పొద్దున పదింటికి మొదలుపెట్టాం. ముగ్గురికి రెండు చిన్న నీళ్ల సీసాలు. పక్కనే సరస్సు ఉందిగా అని ధీమా! సరస్సు పక్కన లేదు, కింద ఉంది. రెండో సొరంగం దగ్గరే సీసాలు ఖాళీ. కళ్లెదురుగా అన్ని నీళ్లు, గొంతులో తడి లేదు. మా అత్తగారు సొరంగంలో కూర్చుండిపోతే నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. వెనక్కి ఒక మైలు, గంట పట్టింది. దారిలో కుళాయి ఉండదు, ట్రయిల్ మొదట్లో ఉన్న విజిటర్ సెంటర్‌లోనే నింపుకోండి. డిసెంబరైనా మనిషికి లీటరు తక్కువ కాకుండా పట్టుకెళ్లండి.

మొదటి సొరంగం సుమారు మైలు దూరం, ఐదోది రెండు మైళ్ల పైనే. డ్యాము దాకా అయితే ఒకవైపే 3.7 మైళ్లు. అమ్మగారిని రెండో సొరంగం దగ్గరే వెనక్కి తిప్పండి, అక్కడికే సరస్సు బాగా కనిపిస్తుంది.

నీళ్లలో కాలు పెట్టాలంటే తర్వాత కారులో బౌల్డర్ బీచ్‌కి వెళ్లండి. దానికి పార్కు ఎంట్రీ ఫీజు ఉంటుంది, ట్రయిల్ పార్కింగ్ మాత్రం ఆ గేటుకి ముందే వస్తుంది. బీచ్ అంటే ఇసుక అనుకోకండి, గులకరాళ్లు. నీళ్లు వెనక్కి పోయాయి కాబట్టి కారు దగ్గర్నుంచి ఒడ్డుకి మళ్లీ కొంత నడవాలి. ఒడ్డున గోరంత సైజులో క్వాగా ఆల్చిప్పల పెంకులు పడి ఉంటాయి, బ్లేడులా కోస్తాయి. మా ఆవిడ చెప్పులు విప్పి నాలుగడుగులు వేసి మళ్లీ తొడుక్కుంది.

తిరిగొచ్చేటప్పుడు బౌల్డర్ సిటీలో హెమెన్‌వే పార్కు దగ్గర ఆగండి. వంకర కొమ్ముల కొండగొర్రెలు గడ్డి మేయడానికి కొండ దిగి వస్తుంటాయి. మా మామగారు ఇంటికి ఫోన్ చేసి అరగంట చెప్పింది సొరంగాల గురించి కాదు, వాటి గురించే.