చిలికాలో డ్రోన్ ఎగరేసే ముందు

చిరంజీవి సౌమ్యకు,

పెదనాన్న ఆశీస్సులు. సంక్రాంతి సెలవులకు ఒడిశాలోని చిలికా సరస్సుకు వెళ్లి డ్రోన్‌తో డాల్ఫిన్లను తీస్తానన్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మంచిదే, వెళ్లు. కానీ నువ్వు రీల్స్‌లో చూసే డాల్ఫిన్లు వేరు, అక్కడ ఉండేవి వేరు.

చిలికాలో ఉండేది ఇరవాడీ డాల్ఫిన్. తల గుండ్రంగా ఉంటుంది, పొడుచుకొచ్చిన మూతి ఉండదు, వీపు మీద రెక్క కూడా చిన్నదే. గాలి పీల్చుకోవడానికి వీపు కాస్త పైకి తేలుతుంది, ఒకటి రెండు సెకన్లలో మళ్లీ మునిగిపోతుంది. గెంతడం చాలా తక్కువ. అదృష్టం బాగుంటే తల పైకెత్తి నోటితో నీళ్లు చిమ్మడం కనిపిస్తుంది. వర్షాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకునే ఆ సరస్సు మొత్తం మీద ఉన్నవి 150 అటూ ఇటూ. పైగా అవి తిరిగేది మాల్దీవుల్లో లాంటి నీలి నీళ్లలో కాదు. దయా, భార్గవి నదులు తెచ్చే మట్టి కలిసిన నీళ్లు. పై నుంచి చూస్తే మునిగిన డాల్ఫిన్ అసలు కనిపించదు. కాబట్టి రోజంతా ఎగరేసినా నీకు దొరికేవి చిన్న చిన్న ముక్కలే. దానికి సిద్ధపడి వెళ్లు.

ఇక ఆ డ్రోన్ సంగతి. అమెరికా నుంచి మీ అన్నయ్య తెస్తాడని విన్నాను. వద్దని ఇవాళే చెప్పు. విదేశాల్లో తయారైన డ్రోన్లను మన దేశంలోకి తేవడాన్ని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే పెట్టెతో సహా పోతుంది, వాడికి అనవసరమైన టెన్షన్. ఇక్కడే కొనుక్కో. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రిజిస్టర్ చేసి యూఐఎన్, అంటే డ్రోన్‌కు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబర్, తీసుకో. 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉంటే మైక్రో రకం. సరదాకి ఎగరేసుకుంటే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, వీడియోతో డబ్బు సంపాదించాలనుకుంటే మాత్రం కావాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా చేయించు. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ ఎయిర్‌స్పేస్ మ్యాప్‌లో గ్రీన్ జోన్ అని ఉంటే 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. అయితే సరస్సు ఒడ్డునే నౌకాదళం వాళ్ల శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ చిలికా ఉంది. వెళ్లే రోజు పొద్దున మ్యాప్ మళ్లీ ఒకసారి చూసుకో.

మ్యాప్‌లో గ్రీన్ ఉంది కదా అని సంబరపడకు. అది ఆకాశానికి సంబంధించిన అనుమతి, జంతువుకు సంబంధించింది కాదు. ఇరవాడీ డాల్ఫిన్ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, తరమడం కూడా వేట కిందికే వస్తుంది. అందుకని అటవీ శాఖ వాళ్ల చిలికా వన్యప్రాణి డివిజన్‌కూ, చిలికా డెవలప్‌మెంట్ అథారిటీకీ ముందే ఉత్తరం రాసి, జవాబు కాగితం మీద తీసుకో. ఏ తేదీన, ఎక్కడి నుంచి, ఎంత ఎత్తులో ఎగరేస్తావో అందులో రాయి. కుదరదంటే కెమెరా, మంచి జూమ్ లెన్స్ పట్టుకెళ్లు. అంతేగాని దొంగచాటుగా ఎగరేయకు.

అనుమతి వచ్చిందనుకుందాం. నన్నడిగితే డ్రోన్ కన్నా ముందు ఆలోచించాల్సింది పడవ గురించి. సాతపడా రేవులో నువ్వు దిగగానే పడవవాళ్లు చుట్టుముడతారు. డాల్ఫిన్ చూపించకపోతే టూరిస్టు గొడవ పెట్టుకుంటాడని వాళ్ల భయం. అందుకే ఒక వీపు తేలితే చాలు, నాలుగైదు పడవలు మోటార్లు రయ్యిమనిపిస్తూ అటే పోతాయి. ఆ చప్పుడు నీళ్లలో చాలా దూరం పోతుంది. ప్రొపెల్లర్ తగిలి చచ్చిపోయిన డాల్ఫిన్లూ ఉన్నాయి. నీ దగ్గర డ్రోన్ ఉంది కాబట్టి నువ్వు దగ్గరికి పోవాల్సిన పనే లేదు, అది ఉన్నందుకు నీ పడవ మిగతా పడవలకన్నా ఇంకా వెనక ఉండాలి. కానీ చాలామంది పడవతో వెంటపడుతూనే పైన డ్రోన్ తిప్పుతారు. అది నాకు నచ్చదు. బేరం కుదుర్చుకునేటప్పుడే పడవవాడికి చెప్పు: డాల్ఫిన్ చూపించకపోయినా డబ్బు పూర్తిగా ఇస్తాను, నేను ఆపమన్న చోట ఇంజిన్ ఆపాలి అని. ఆ ఒక్క మాటతో మనిషి ఎంత నెమ్మదిస్తాడో చూస్తావు. ఆదివారాలు, పండగ రోజులు వదిలేసి మామూలు రోజున తెల్లారగానే బయల్దేరు.

కుదిరితే గట్టు మీద నుంచే ఎగరెయ్యి. పడవ మీద నుంచి అయితే రెండు చిక్కులు. ఇంజిన్, రేకు కప్పు దగ్గర డ్రోన్‌లోని దిక్సూచి తికమకపడుతుంది. రెండోది, సిగ్నల్ పోతే డ్రోన్ ఎగిరిన చోటికే తిరిగొస్తుంది. ఈలోపు నీ పడవ కొట్టుకుపోయి ఉంటుంది, అక్కడ నీళ్లే ఉంటాయి! హోమ్ పాయింట్‌ని, అంటే డ్రోన్ తిరిగి రావాల్సిన చోటుని, నీ రిమోట్ ఉన్న చోటికి మారుస్తూ ఉండు. మెరిసే నీళ్ల మీద కింది సెన్సార్లను నమ్మకు. బ్యాటరీ 40 శాతానికి రాగానే వెనక్కి తిప్పు. ఎదురుగాలికి ఎంత తింటుందో నీకు తెలియదు.

ఎత్తు విషయం కాస్త శ్రద్ధగా చదువు. గాలిలో పుట్టిన చప్పుడు నీళ్లలోకి దిగాలంటే దాదాపు నిట్టనిలువుగా పడాలి. నిలువు గీత నుంచి 13 డిగ్రీలు దాటి ఏటవాలుగా వచ్చిన చప్పుడు చాలావరకు నీటి మీద తగిలి పైకే పోతుంది. అంటే డ్రోన్ 30 మీటర్ల ఎత్తులో ఉంటే, దాని కింద 7 మీటర్ల వ్యాసార్ధం ఉన్న గుండ్రం లోపలే ఎక్కువగా వినబడుతుంది. డాల్ఫిన్‌కు సరిగ్గా నెత్తి మీద ఉండకుండా పక్కకు జరిగి వాలుగా తీస్తే దాని చెవికి నీ బాధ తగ్గుతుంది, కళ్లకూ తగ్గుతుంది. చిలికాలో చాలా చోట్ల లోతు రెండు మీటర్లు కూడా ఉండదు, నెత్తి మీదికి వస్తే నీడ నేరుగా దాని మీద పడుతుంది. 30 మీటర్ల కిందికి ఎప్పుడూ దిగకు. ఒక గుంపు మీద పది నిమిషాలు చాలు. ఉన్నట్టుండి దిశ మార్చినా, దగ్గరదగ్గరగా గుమిగూడినా, మామూలు కన్నా ఎక్కువసేపు మునిగినా పైకి లేపి వెళ్లిపో. ఆ తరువాత నువ్వు తీసేది డాల్ఫిన్ జీవితం కాదు, నీ డ్రోన్‌ని చూసి అవి పడే కంగారు. పిల్లతో ఉన్న తల్లి కనిపిస్తే అసలు ఆగకు.

కెమెరాకు సీపీఎల్ ఫిల్టర్ పెట్టు, నీటి మీద మెరుపు తగ్గుతుంది. ఎండ నీ వీపు మీద పడేలా నిలబడు. ఒక్క సెకను తేలే జంతువు కాబట్టి అది తేలాక రికార్డ్ నొక్కితే కుదరదు. ముందే నొక్కి పెట్టు, ఫ్రేమ్ వెడల్పుగా ఉంచు, ఇంటికొచ్చాక కోసుకో. 4కే దానికే పనికొస్తుంది.

పక్షుల్ని మరిచిపోకు. నువ్వు వెళ్లే నెలల్లోనే వలస పక్షులు లక్షల్లో దిగుతాయి. నలబణ దీవి అభయారణ్యం, అటువైపు డ్రోన్ ఊసే ఎత్తకు. మిగతా చోట్ల కూడా గద్దలు డ్రోన్ మీదికి దూకుతాయి. దగ్గరికొస్తే గబుక్కున కిందికి దించకుండా నిటారుగా పైకి పోనీ, అవి అంత వేగంగా నిలువుగా ఎక్కలేవు. వలలు వేసుకునే జాలర్ల నెత్తి మీద కూడా తిప్పకు. వాళ్ల ముఖాలు వీడియోలో పడితే అడిగి ఉంచుకో.

తీసిన వీడియో నెట్‌లో పెడితే లొకేషన్ పెట్టకు, మర్నాడే అక్కడికి పది పడవలు పోతాయి. ఒరిజినల్ ఫైళ్లు కాపీ చేసి అటవీ శాఖ ఆఫీసులో ఇవ్వు. ఏ రోజు, ఏ వేళ, ఎన్ని కనిపించాయో ఒక కాగితం మీద రాసి జత చెయ్యి.

పూరీ నుంచి సాతపడా దాదాపు 50 కిలోమీటర్లు, బస్సులుంటాయి. ముందురోజు రాత్రికే సాతపడా చేరుకుంటే తెల్లవారుజామున హడావుడి ఉండదు. పడవవాళ్లు ఒడియా మాట్లాడతారు, హిందీ అర్థమవుతుంది. పూరీలో ఆగితే పెంటకట్ట వైపు వెళ్లు, అక్కడి జాలర్ల ఇళ్లలో మన తెలుగే వినిపిస్తుంది. అనుమతి కోసం రాసే ఉత్తరాలకు జవాబు రావడానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం కాబట్టి ఈ వారమే రాసి పంపు. ముసాయిదా నాకు వాట్సాప్ చెయ్యి, చూసి పెడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న