వాలెట్ యాప్ మూతపడితే అందులోని క్రిప్టో ఎవరిది?

ప్రశ్న: చాలా ఏళ్ల కిందట ఒక వాలెట్ యాప్‌లో కొంత బిట్‌కాయిన్, కొంత యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన క్రిప్టో) పెట్టుకున్నాను. అదే కంపెనీ వడ్డీ పథకంలోకి ఇంకొంత బిట్‌కాయిన్ మార్చాను. ఇప్పుడు సేవలు నిలిపేస్తున్నామని మెయిల్ వచ్చింది. యాప్ తెరిస్తే బ్యాలెన్స్ సున్నా అని చూపిస్తోంది. మొదట్లో రాసుకున్న 12 పదాల కాగితం నా దగ్గరే ఉంది. ఆ పదాలూ కొంత ఫీజూ ఇస్తే మొత్తం బయటికి తీసిపెడతానని టెలిగ్రామ్‌లో ఒకతను అంటున్నాడు. నా సొమ్ము దక్కుతుందా? కంపెనీ మీద కేసు వేయాలా? వేరే వాలెట్‌కి మారిస్తే పన్ను పడుతుందా?

జవాబు: ముందు ఆ టెలిగ్రామ్ మనిషితో మాటలు ఆపేయండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీరు అంతా ఒకే కంపెనీ దగ్గర ఉందనుకుంటున్నారు. చట్టం చూపులో మాత్రం అవి రెండు వేర్వేరు రకాల ఆస్తులు. ప్రైవేట్ కీ, అంటే కాయిన్లను పంపే అధికారమిచ్చే రహస్య సంకేతం, ఎవరి చేతిలో ఉందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

యాప్‌లో పెట్టుకున్న దాని సంగతి తేలికే. ఆ కీని తిరిగి పుట్టించే 12 పదాలు మీకు ఇచ్చారంటే కీ మీ దగ్గరే ఉందని అర్థం. కాయిన్లు ఫోన్లోనూ లేవు, కంపెనీ సర్వర్లోనూ లేవు. ఏ అడ్రస్‌లో ఎంత ఉందన్న లెక్క బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఎన్నో కంప్యూటర్లలో ఉమ్మడిగా ఉండే ఖాతా పుస్తకంలో, ఉంటుంది. సర్వర్ ఆగిపోతే ఆ లెక్కను చదివే దారి యాప్‌కి మూసుకుపోతుంది, అందుకే సున్నా కనిపిస్తుంది. దీనికి కేసూ అక్కర్లేదు, కంపెనీ అనుమతీ అక్కర్లేదు. మల్టీబిట్ అనే పాత బిట్‌కాయిన్ వాలెట్‌ను 2017లో ఆపేశారు. అంతమాత్రాన వాడినవాళ్ల బిట్‌కాయిన్ పోలేదు, కీలు ఉన్నవాళ్లు వేరే వాలెట్లకు మార్చుకున్నారు.

ఆ పదాలను ఆమోదించే వేరే వాలెట్‌ను దాని అధికారిక వెబ్‌సైట్ నుంచే దించుకుని, అందులో రికవర్ చేయండి. చాలా వాలెట్లు బిప్-39 అనే ఒకే పద్ధతి వాడతాయి, అందులో 2,048 పదాల జాబితా ఉంటుంది. ఎలక్ట్రమ్ లాంటివి కొన్ని సొంత పద్ధతి వాడతాయి. కొత్త వాలెట్‌లోనూ సున్నా వస్తే టెన్షన్ పడకండి. ఒకే పదాల నుంచి అడ్రస్‌లు పుట్టించే దారులు వాలెట్‌ను బట్టి మారతాయి. దాన్ని డెరివేషన్ పాత్ అంటారు, సెట్టింగుల్లో మార్చి చూడండి. బ్యాలెన్స్ కనిపించాక అక్కడితో ఆగకండి. పాత పదాలు ఇన్నాళ్లూ ఎవరూ మరమ్మతు చేయని యాప్‌లో ఉన్నాయి కాబట్టి, కొత్త పదాలతో కొత్త వాలెట్ తెరిచి అందులోకి పంపుకోండి. ముందు చిన్న మొత్తం, అది చేరాకే మిగతాది. యూఎస్‌డీటీ ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ఉంటే ఫీజుకు దాని సొంత కాయిన్ ఈథర్ కాస్త, ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్ మీద ఉంటే ట్రాన్ కాయిన్ ముందుగా ఆ అడ్రస్‌లో ఉండాలి.

అసలు చిక్కు వడ్డీ పథకంలోనే ఉంది. అక్కడ కీ కంపెనీది. మీకున్నది కాయిన్ కాదు, కంపెనీ మీద ఒక హక్కు. అది ఎలాంటి హక్కన్నది మీరు చదవకుండా 'ఒప్పుకుంటున్నాను' నొక్కిన షరతుల్లో ఉంటుంది. (ఎవరూ చదవరు లెండి, నా క్లయింట్లలో చదివినవాళ్లను నేను చూడలేదు.)

ఒకే రకం ప్రశ్నకు కోర్టులు రెండు రకాలుగా జవాబిచ్చాయి. న్యూజిలాండ్‌లో క్రిప్టోపియా అనే ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని అమ్మే వేదిక) 2019లో హ్యాక్ అయి లిక్విడేషన్‌కు, అంటే కంపెనీని మూసి ఆస్తులు పంచే ప్రక్రియకు, వెళ్లింది. అక్కడి కాయిన్లు ఖాతాదారుల కోసం ట్రస్టుగా ఉంచినవే, కంపెనీ అప్పులవాళ్లకు చెందవని 2020లో హైకోర్టు తేల్చింది. అమెరికాలో సెల్సియస్ అనే క్రిప్టో వడ్డీ కంపెనీ కేసులో దీనికి భిన్నంగా జరిగింది. వడ్డీ ఖాతాల్లో వేసిన కాయిన్ల యాజమాన్యం షరతుల ప్రకారం కంపెనీకి మారిపోయిందని 2023 జనవరిలో దివాలా కోర్టు చెప్పింది. దాంతో ఆ ఖాతాదారులు అప్పిచ్చినవాళ్ల వరసలో నిలబడ్డారు. క్రిప్టో ఆస్తేనని 2025లో మద్రాసు హైకోర్టు కూడా అంది. అయితే అది ఆస్తి అని తేలినంత మాత్రాన మీ ఆస్తేనని తేలినట్టు కాదు. షరతుల్లో 'యాజమాన్యం', 'ట్రస్టు', 'అప్పు' అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకండి. మీరు చేరిన నాటి షరతులూ, చివరి షరతులూ రెండూ దాచుకోండి. ఖాతా స్టేట్‌మెంట్లు కంపెనీ వెబ్‌సైట్ ఉండగానే దించుకోండి.

కంపెనీ దివాలాకు వెళ్తే క్లెయిమ్ వేయడానికి గడువు పెడతారు. అది దాటితే హక్కున్నా చేతికేమీ రాకపోవచ్చు. విలువ కట్టే తేదీ కూడా ముఖ్యమే. కూలిపోయిన ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజ్ కేసులో 2022 నవంబరు నాటి ధరలతో, అంటే బిట్‌కాయిన్‌కు సుమారు 16,900 డాలర్లతో లెక్కకట్టారు. తర్వాత ధర పెరిగినా ఆ లెక్క మారలేదు. ఓపిక కూడా కావాలి. మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజ్ 2014లో కూలితే కాయిన్ల పంపిణీ 2024లో మొదలైంది.

పన్ను సంగతికొస్తే, మీ వాలెట్ నుంచి మీ వాలెట్‌కే పంపితే అది అమ్మకం కాదు, చాలా దేశాల్లో దాని మీద పన్ను ఉండదు. దారిలో యూఎస్‌డీటీని బిట్‌కాయిన్‌గా మార్చారా, చాలా చోట్ల అది అమ్మకం కింద లెక్క. ముందు మార్చకుండా తరలించండి, మార్పిడి సంగతి తర్వాత ఆలోచించండి. పాత అడ్రస్, కొత్త అడ్రస్, తేదీ, లావాదేవీ హ్యాష్ (దాని గుర్తింపు సంకేతం), మొదట కొన్నప్పటి రుజువు ఒకచోట రాసిపెట్టుకోండి. రేపు ఎక్స్ఛేంజ్‌లో అమ్మబోతే ఇది ఎక్కడిదని అడుగుతారు. ఐరోపా యూనియన్‌లో 2024 డిసెంబరు నుంచి బదిలీ 1,000 యూరోలు దాటితే ఆ సొంత వాలెట్ మీదేనని ఎక్స్ఛేంజ్ సరిచూసుకోవాలి.

ఇక ఆ టెలిగ్రామ్ మనిషి. 12 పదాలు ఇవ్వడమంటే మొత్తం సొమ్ము అతని చేతిలో పెట్టడమే, పంపిన లావాదేవీని వెనక్కి తిప్పేవాళ్లు ఎవరూ లేరు. దొంగిలించిన క్రిప్టోను కోర్టులు స్తంభింపజేసిన సందర్భాలు ఉన్నాయి. 2019లో ఇంగ్లండ్ హైకోర్టు అలాంటి ఉత్తర్వే ఇచ్చింది. కానీ ఆ బిట్‌కాయిన్ ఒక ఎక్స్ఛేంజ్‌లోకి చేరినట్టు ఆనవాలు దొరికింది కాబట్టే అది పనిచేసింది. ఉత్తర్వు పాటించడానికి అవతల ఎవరో ఒకరుండాలి. నిజమైన లిక్విడేటర్ (లిక్విడేషన్ నడిపే అధికారి) ఎవరూ మీ పదాలు అడగరు.

కేసు విషయానికొస్తే, కంపెనీ ఇంకా దివాలాకు వెళ్లలేదని తేలితే వడ్డీ పథకంలోని మొత్తం వెనక్కి ఇవ్వమని ఈ వారమే రాతపూర్వకంగా నోటీసు పంపండి. విత్‌డ్రాయల్స్‌కు మెయిల్‌లో గడువేదైనా ఇచ్చారేమో చూసి, ఆ లోపే రిక్వెస్ట్ పెట్టి దాని స్క్రీన్‌షాట్ తీసుకోండి. దివాలా ప్రక్రియ మొదలైతే విడి కేసులు చాలా దేశాల్లో ఆగిపోతాయి, అప్పుడు మీకు మిగిలే దారి క్లెయిమే.