దడ తగ్గించిన మాత్రే ఆయాసం పెంచిందా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. తణుకు దగ్గర రైస్‌మిల్లులో గుమస్తాను. చాలాకాలంగా ఆస్తమా ఉంది. దాళ్వా ధాన్యం మిల్లుకు వచ్చే రోజుల్లో దుమ్ముకు ఆయాసం ఎక్కువై, సాల్బుటమాల్ ఇన్‌హేలర్ రోజుకు పది పన్నెండు సార్లు పీలుస్తున్నాను. పీల్చగానే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. దడ తగ్గుతుందని మా బావమరిది తాను వాడే ప్రొప్రనొలాల్ మాత్రలు ఇచ్చాడు. వారంగా వేసుకుంటున్నాను. దడ తగ్గింది కానీ రాత్రిళ్లు పిల్లికూతలు పెరిగాయి, ఇన్‌హేలర్ పీల్చినా ఉపశమనం లేదు. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు చేయవలసింది చెబుతాను. ప్రొప్రనొలాల్ ఇక వేసుకోకండి. ఈ రోజే డాక్టర్‌ను కలవండి. ఒక వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా 108కు ఫోన్ చేసి, వచ్చినవారికి ఈ మాత్ర సంగతి మొదటే చెప్పండి. (మీ బావమరిది మాత్రం గుండెజబ్బు కోసం వాడుతుంటే తనంతట తాను హఠాత్తుగా మానకూడదు. అది వేరే ప్రమాదం.)

ఇక కారణం. రక్తంలో తిరిగే అడ్రినలిన్ అనే హార్మోన్, కణం లోపలికి వెళ్లదు. కణం పైపొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటుతూ అమరిన రిసెప్టర్ అనే ప్రోటీన్‌ను బయటి నుంచే పట్టుకుంటుంది. దాంతో రిసెప్టర్ ఆకారం మారి, లోపలివైపున్న జి ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. ఆపైన సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరిగి మిగతా పని నడిపిస్తుంది. ఈ తరహా రిసెప్టర్లు మనిషిలో దాదాపు 800 రకాలు. పులస పులుసు వాసనను వీధి మొదట్లోనే పసిగట్టేదీ ఈ కుటుంబమే. వీటిపై పరిశోధనకే 2012లో లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. వారు ఎక్కువగా శోధించింది మీ సమస్యకు మూలమైన బీటా రిసెప్టర్లనే.

ధవళేశ్వరంలో వదిలిన నీరు ఒకటే అయినా ఒక ఊళ్లో వరికి, పక్క ఊళ్లో చేపల చెరువుకు పోతుంది. అడ్రినలిన్ కూడా అంతే. గుండెలో ప్రధానంగా ఉండే బీటా-1ను తాకితే గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. శ్వాసనాళాల కండరంలోని బీటా-2ను తాకితే ఆ కండరం వదులై గాలికి దారి ఇస్తుంది. రెండు చోట్లా పెరిగేది సైక్లిక్ ఏఎంపీయే! సాల్బుటమాల్ గురి బీటా-2 మీద. చేతి కండరాల్లోనూ అది ఉంది కనుక వణుకు. మోతాదు పెరిగేకొద్దీ ప్రభావం గుండెకూ చేరుతుంది కనుక దడ. ప్రొప్రనొలాల్‌కు బీటా-1, బీటా-2 అన్న భేదం లేదు, రెండింటినీ అడ్డేస్తుంది. దడ పోయింది, దానితోపాటే ఇన్‌హేలర్ పనిచేసే చోటూ మూతపడింది. 108 వారికి చెప్పమన్నది ఇందుకే. ఇప్రాట్రోపియం అనే మందు వేరే రిసెప్టర్ ద్వారా శ్వాసనాళాలను తెరుస్తుంది, ఆ దారి మీకు ఇంకా మిగిలి ఉంది.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ 'పది పన్నెండు సార్లు' అన్న మాట. రిసెప్టర్‌ను అదేపనిగా తడుతుంటే అరెస్టిన్ అనే మరో ప్రోటీన్ వచ్చి, దాన్ని జి ప్రోటీన్‌కు అందకుండా చేస్తుంది. కణం కొన్ని రిసెప్టర్లను లోపలికి లాగేసుకుంటుంది కూడా. మందు పీల్చినకొద్దీ దాని పట్టు సడలుతుంది. పైగా సాల్బుటమాల్ కండరాన్ని వదులు చేస్తుందే గానీ నాళాల్లోని వాపు జోలికి పోదు. వాపు తగ్గడానికి పీల్చే స్టెరాయిడ్ కావాలి. ఆ పేరు వింటేనే బెదిరిపోయేవారు చాలామంది ఉన్నారు. పీల్చే మోతాదు మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది, పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలావరకు ఇబ్బంది ఉండదు. అది బీటా-2 రిసెప్టర్ల తయారీని కూడా పెంచుతుంది. సాల్బుటమాల్ ఒక్కదానితోనే ఆస్తమాను నెట్టుకురావద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి. స్టెరాయిడ్, ఫార్మొటెరాల్ (శ్వాసనాళాలను వదులు చేసే మందు) కలిసిన ఇన్‌హేలర్ మీకు తగునేమో అడగండి. మిల్లులో మాస్కు ఎలాగూ తప్పదు.

డాక్టర్ దగ్గరికి ఇన్‌హేలర్ పట్టుకెళ్లి, ఎలా పీలుస్తున్నారో ఎదుటే చూపించండి. గ్లకోమా అనే కంటిజబ్బుకు టిమొలాల్ చుక్కలు వాడుతుంటే అదీ దాచకండి. ఆ చుక్కలూ ప్రొప్రనొలాల్ కోవకే చెందుతాయి, కంట్లో వేసినా రక్తంలో కలిసి ఆస్తమా రోగికి శ్వాసనాళాలను బిగించగలవు.