చాటింగ్ ఉండగా ఈమెయిల్ ఇంకా ఎందుకు?

అందరూ మెసేజ్‌లతోనే పని కానిస్తుంటే ఈమెయిల్‌తో ఇంకా ఉపయోగం ఉందా అన్నది ప్రశ్న. ఉంది. కబుర్లకు మాత్రం కాదు. "బయల్దేరావా?" అని అడగడానికి ఎవరూ మెయిల్ రాయరు, రాయక్కర్లేదు కూడా.

ఈమెయిల్ అసలు బలం అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకపోవడం. 1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మెయిల్ పంపుతూ, పేరుకీ మెషీన్‌కీ మధ్య '@' గుర్తు పెట్టాడు. ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. 1982లో వచ్చిన ఎస్‌ఎంటీపీ అనే ఉమ్మడి నియమాల వల్ల జీమెయిల్ వాడేవాళ్లు అవుట్‌లుక్ వాడేవాళ్లకి నేరుగా రాయగలరు. చాటింగ్ యాప్‌లలో సాధారణంగా ఇద్దరి దగ్గరా అదే యాప్ ఉండాలి. అవతలి మెయిల్ సర్వర్ కాసేపు పనిచేయకపోయినా, పంపే సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. చివరికి కుదరకపోతే సాధారణంగా ఆ సంగతి మనకి తెలియజేస్తుంది.

ఇంకో విషయం, వెతుక్కోవడం. సబ్జెక్ట్ లైన్, తేదీ, జోడించిన ఫైళ్లు ఉంటాయి కాబట్టి నాలుగేళ్ల కిందటి ఒప్పందం కూడా నిమిషంలో దొరుకుతుంది. అదే గ్రూపు చాట్‌లో అయితే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద ఎక్కడో పూడుకుపోయి ఉంటుంది! పైగా చాలా వెబ్‌సైట్లలో పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ లింకు వచ్చేది మెయిల్‌కే.

స్పామ్ గోల నిజమే, జవాబులూ ఆలస్యమే. నా మటుకు ఆ ఆలస్యమే నచ్చుతుంది: వెంటనే బదులివ్వాలనే టెన్షన్ ఉండదు, ఆలోచించి రాయొచ్చు.