ఇంట్లోనే కుట్టు పని మొదలుపెడుతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు ఇంట్లోనే కుట్టు పని మొదలుపెడుతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పిన తీరు చూస్తే నన్ను తిట్టడానికే చేసినట్టుంది. "అంతా నీ పోలికే" అని పెట్టేసింది. కాసేపు గర్వంగానే ఉంది. రాత్రి మాత్రం కన్ను మూతపడలేదు. 27 ఏళ్లు అదే పని చేసినదాన్ని, ఎలా పడుతుంది?

ముందు చిన్నవి చెప్పేస్తాను. ఇల్లు అద్దెదైతే యజమాని చెవిన ఒక మాట వెయ్యి. ఏ అనుమతులు కావాలో, పన్ను సంగతేమిటో తెలిసినవాళ్లను అడుగు. పని డబ్బుకు బ్యాంకులో వేరే ఖాతా తెరువు. ఇంటికి బీమా ఉంది కదా అని ధీమాగా ఉండకు. మామూలు ఇంటి బీమా చాలాసార్లు వ్యాపారపు సరుకుకూ, మన దగ్గర ఉంచిన పరాయివాళ్ల బట్టలకూ వర్తించదు. కాగితాలు బయటికి తీసి చదువు. ఉద్యోగం అప్పుడే మానకు, 6 నెలల ఇంటి ఖర్చు చేతిలో పడనీ. ఇవన్నీ ఎవరైనా చెబుతారు.

ఇస్త్రీ పెట్టె గురించి ఎవరూ చెప్పరు. దాన్ని గోడకున్న ప్లగ్గుకే పెట్టు. మిషను, దీపం, ఫ్యాను అన్నీ తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకు దాన్ని కూడా తగిలించకు. ఇంట్లో వాడే మిషనుకు 100 వాట్ల అటూ ఇటూ చాలు, ఇస్త్రీ పెట్టెకు దానికి ఎన్నో రెట్లు కావాలి. చుట్టూ గుడ్డముక్కలు, మధ్యలో వేడెక్కిన వైరు! నవ్వుతున్నావని తెలుసు, నవ్వుకో. పని మానేసి ఇన్నేళ్లయినా పడుకోబోయే ముందు లేచి వెళ్లి ఆ ప్లగ్గు పీకి ఉందో లేదో చూసి వస్తాను.

అసలు రాయాలనుకున్నది ఇది. నేను పని మొదలుపెట్టిన రెండో ఏడు, ఒక చోటినుంచి పనివాళ్లకు 60 చొక్కాలు కావాలని వచ్చారు. అప్పటిదాకా ఒకటీ అరా కుట్టుకుంటున్న నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. ఎన్ని రోజుల్లో ఇస్తావన్నారు. రోజుకు 5 కుట్టగలను, 60కి 12 రోజులు. నిలబడ్డచోటే లెక్క వేసి 12 అనేశాను. ఆ లెక్కలో కత్తిరింపు లేదు, కాజాలు లేవు, గుండీలు లేవు, ఇస్త్రీ లేదు. నాకు తలనొప్పి వచ్చే వీలు కూడా లేదు. అడ్వాన్సు అడగడానికి నోరు రాలేదు. అడిగితే వెళ్లిపోతారేమోనని.

మొదటి 30 చొక్కాల బట్టను పద్ధతిగా తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి కత్తిరించాను. ఐదో రోజున మిషను మొరాయించింది. కుట్లు తప్పుతున్నాయి. సూది మార్చాను, నూనె వేశాను, బాబిన్ తీసి మళ్లీ పెట్టాను, దాని కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. బాగుచేసే మనిషి ఊళ్లో లేడు. అతను వచ్చి చూసేసరికి మూడు రోజులు పోయాయి. మిగిలిన 30 చొక్కాల బట్టను తడిపి ఆరబెట్టే వ్యవధి లేదు. తానులోంచి తీసినది తీసినట్టే కత్తిరించేశాను. ఇద్దరూ ముగ్గురూ తప్ప ఎవరికీ తెలియదులే అనుకున్నాను.

తెలియకపోవడమేమిటి! నూలు బట్ట ఉతికితే నూటికి 3 నుంచి 5 వంతులు కుదించుకుపోవడం మామూలే. 40 సెంటీమీటర్ల కాలరులో 5 వంతులంటే 2 సెంటీమీటర్లు. గుండీ కాజాకు అందదు. వారం తిరక్కుండానే 30 చొక్కాలూ మూటగా వాకిట్లోకి వచ్చాయి. తెచ్చిన మనిషి కేకలు వేసి ఉంటే బాగుండేది. అతను ఏమీ అనలేదు. ఒక చొక్కా తొడుక్కుని, చేతులు రెండూ కిందికి వేలాడేసి నా ఎదుట నిలబడ్డాడు. చేతి అంచులు మణికట్టుకు పైనే ఆగిపోయాయి. ఆ మణికట్లు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తాయి.

మళ్లీ 30 చొక్కాలకు బట్ట కొనాలి. పని డబ్బు, ఇంటి డబ్బు అన్నీ ఒకే డబ్బాలో ఉండేవి. అందులో పైకప్పు బాగుచేయించడానికి దాచినది తీశాను. ఆ తర్వాత రెండు వానాకాలాలు ఇంట్లో గిన్నెలు పరచుకుని పడుకున్నాం. మీ పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఒక రాత్రి మాత్రం గిన్నెలో చినుకుల చప్పుడు వింటూ, "అచ్చం నీ మిషనులాగే ఉంది, కుట్టు తప్పట్లేదు" అన్నారు. ఆ రెండోసారి చొక్కాలకు గుండీలన్నీ ఆయనే కుట్టారు. సగం వంకర. నేను విప్పి మళ్లీ కుట్టానని ఆయనకు చివరిదాకా చెప్పలేదు.

బట్ట తడపకపోవడం తప్పేనమ్మా. కానీ ఆ తప్పు 12 అన్నప్పుడే మొదలైంది. నిన్ను గడువు ఎంత అని అడిగితే అక్కడికక్కడే జవాబు చెప్పకు, రేపు చెబుతానను. ఇంటికొచ్చి అన్ని పనులూ కాగితం మీద రాసి కూడుకుని, దానికి సగం కలుపు. 12 వస్తే 18 చెప్పు. పోతే పోనీ. బట్ట ఖరీదంతా అడ్వాన్సుగా చేతిలో పడనిదే కత్తెర ముట్టుకోకు. మిషను ఆగిపోతే ఎవరి మిషను మీద కుట్టుకోవచ్చో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో, వాళ్లది ఆగిపోయిన రోజున నీది ఇవ్వు. ఎంత మంచివాళ్లయినా సరే, నెల రాబడిలో సగానికి మించి ఒకరి మీదే ఆధారపడకు. ఎదురుచూడని ఖర్చుకు కొంత తీసిపెట్టు. నీ కూలి కూడా లెక్కలో రాసుకో. కొలతలు తీసుకున్న గంట, బట్ట కోసం తిరిగిన పూట, ఫోనులో మాట్లాడిన సమయం అన్నీ కూలిలోకే వస్తాయి. నేను ఆ లెక్క వేసింది ఎనిమిదో ఏట. వేసి, ఆ పూట అన్నం తినలేదు.

ఇంకొకటి, కోపం తెచ్చుకోకు. నీకు కాదనడం రాదు. బడిలో రంగు పెన్సిళ్లన్నీ అడిగినవాళ్లకల్లా పంచేసి, ఖాళీ డబ్బా పట్టుకుని ఏడుస్తూ ఇంటికొచ్చావు. "ఇంట్లోనే ఉంటావుగా" అంటూ ఒకరు పిల్లలను అప్పగిస్తారు, ఒకరు కబుర్లకు వస్తారు, ఒకరు చిన్న కుట్టే కదా వేసిపెట్టమంటారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, నువ్వు పనిలో ఉన్నావని వాళ్లకు కనబడదంతే. పనివేళలు తలుపుమీద రాసి అంటించు. మీ అమ్మకు కూడా అవే వేళలు. నాకూ అంతే.

నా కత్తెర నీకు పంపుదామని నిన్న రాత్రి బయటికి తీశాను. నూనె రాసి, కాగితంలో చుట్టి, దారం కూడా కట్టాక గుర్తొచ్చింది, నీది ఎడమచేతి వాటమని. కుడిచేతి కత్తెరతో నువ్వు రోజంతా కత్తిరిస్తే బొటనవేలు కాయ కాస్తుంది, గీత కూడా సరిగా కనబడదు. ఎడమచేతివాళ్లకు వేరే కత్తెర ఉంటుంది, మంచిది చూసి కొనుక్కో. డబ్బు నేను పంపుతాను. అది కూడా ఖాతాలో రాసుకో, పెద్దమ్మ దగ్గర అప్పని.

ఇట్లు,
నీ పెద్దమ్మ