మీ అబ్బాయి ఆడటం లేదమ్మా, ఆడిస్తున్నాడు

ప్రశ్న: మాది తెనాలి. మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. రాత్రి రెండింటి దాకా హెడ్‌ఫోన్ పెట్టుకుని లాప్‌టాప్ ముందే ఉంటాడు. గేమ్‌ల పిచ్చి అనుకున్నాం. అడిగితే తాను ఆడట్లేదని, బీజీఎంఐ అనే ఫోన్ కాల్పుల ఆటలో టోర్నమెంట్లు పెడుతున్నానని చెప్పాడు. ఒక్కో జట్టు దగ్గర 50 రూపాయలు తీసుకుంటాడట. 16 జట్లకు 800 వస్తే 600 గెలిచినవాళ్లకు పంపి మిగతాది తను ఉంచుకుంటాడట. ఇప్పుడు చదువు ఆపేసి ఈ-స్పోర్ట్స్, అంటే వీడియో గేమ్‌ల పోటీలు నడిపే కంపెనీలో చేరతానంటున్నాడు. ఇదీ ఆన్‌లైన్ పేకాట లాంటిదే, ఎప్పుడో పోలీసులు ఇంటికొస్తారని మావారి భయం. నాకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ 50 రూపాయల సంగతి మాట్లాడుకుందాం. మిగతావన్నీ నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు, ఇది మాత్రం ఈ రోజే ఆపించాలి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు కట్టి, డబ్బు గెలుస్తామన్న ఆశతో ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా, అది నైపుణ్యంతో ఆడేదైనా అదృష్టం మీద నడిచేదైనా, నిషేధమే. అలాంటిది నడిపినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. అందులో ప్రవేశ రుసుము తీసుకోవచ్చు, ప్రైజ్ మనీ ఇవ్వచ్చు. కానీ ఆ ఆటకు క్రీడగా గుర్తింపు ఉండాలి, చట్టం చెప్పిన అథారిటీ దగ్గర నమోదై ఉండాలి. మీవాడి వాట్సాప్ గ్రూపులో నడిచే పోటీకి ఇవేవీ లేవు. జట్ల దగ్గర వసూలు చేసిన డబ్బే గెలిచినవాడికి వెళ్తోంది, మధ్యలో కొంత తను ఉంచుకుంటున్నాడు. వాడి ఉద్దేశం ఎంత మంచిదైనా బయటివాళ్లకు అది పందెంలాగే కనిపిస్తుంది. మీవారి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. మన రాష్ట్రంలో 2020 నుంచీ, తెలంగాణలో 2017 నుంచీ ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం ఉంది. ఆ గొడవలన్నీ చూసిన మనిషి ఆయన.

మరి టోర్నమెంట్లే మానేయాలా అంటే, అక్కర్లేదు. ఫీజు లేకుండా పెట్టమనండి. ప్రైజ్ కాలేజీ ఫెస్ట్ నుంచో, ఊళ్లో మొబైల్ షాపు స్పాన్సర్‌షిప్ నుంచో రానివ్వండి. ఆ గేమ్ తయారుచేసిన క్రాఫ్టన్ కంపెనీకి బయటివాళ్లు పెట్టే టోర్నమెంట్ల కోసం సొంత నిబంధనలున్నాయి. అవి చదివి, వాళ్ల అనుమతి అడిగి పెట్టడం ఇప్పుడే అలవాటు చేసుకోవాలి. నిజానికి ఈ పనిలో మొదటి పాఠం అదే.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఇది ఉద్యోగమేనా?

ఒక్క రాత్రి మీవాడి పక్కన కూర్చోండి. పదహారు జట్లు, జట్టుకు నలుగురు, అంటే 64 మంది పిల్లలు. ఏ జట్టుకు ఏ స్లాటో, అంటే ఏ నంబరు స్థానమో ముందే ప్రకటించాలి. ఆట మొదలవడానికి పది నిమిషాల ముందు ఆ పోటీలోకి వెళ్లడానికి కావాల్సిన రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ పంపాలి. మరీ ముందు పంపితే బయటికి పొక్కి, జాబితాలో పేరులేని వాళ్లు లోపల దూరతారు. ఆలస్యమైతే సగం జట్లు బయటే ఉండిపోతాయి. ఒకడికి నెట్ పోతుంది, ఆట మళ్లీ పెట్టమంటాడు. ఇంకో జట్టు ఎదుటివాడు హ్యాక్ వాడాడని గొడవ పెడుతుంది. అప్పుడు వాడి స్క్రీన్ రికార్డింగ్ తెప్పించుకుని, గొడవ జరిగిన ఆ కొన్ని సెకన్లూ మళ్లీ మళ్లీ చూసి తీర్పు చెప్పాలి. తర్వాత పాయింట్ల పట్టిక. మొదటి స్థానానికి 10, రెండోదానికి 6, అలా దిగుతూ పోయి, దానికి పడగొట్టిన ప్రతి ఆటగాడికి ఒక పాయింటు కలపాలి. ఒక్క గడి తప్పు వేసినా అరవై మంది మీద పడతారు. ఇరవై ఏళ్ల కుర్రాడు రాత్రిపూట ఇదంతా ఓపిగ్గా చేస్తున్నాడంటే నాకు అందులో వ్యసనం కనపడటం లేదు. పెళ్లిలో అందరూ భోజనాలు చేస్తుంటే వంటశాలకూ పందిరికీ మధ్య పరుగులు పెట్టే మనిషి ఒకడుంటాడు చూడండి, మీవాడు అలా కనపడుతున్నాడు.

ఇదే పని పెద్ద స్థాయిలో ఎలా ఉంటుందో హైదరాబాద్‌లోనే చూడవచ్చు. 2024 జూన్ చివర్లో బీజీఎంఐ జాతీయ పోటీ ఫైనల్స్ అక్కడి హైటెక్స్ ప్రదర్శనశాలలో మూడు రోజులు జరిగాయి. డ్రీమ్‌హ్యాక్ అనే గేమింగ్ ఉత్సవం 2022లోనూ 2023లోనూ అక్కడే పెట్టారు. అలాంటి చోట వేదిక మీద ఆడేవాళ్లు కొద్దిమందే. తెర వెనక పనిచేసేవాళ్లు ఎంతమందో! నిబంధనలు చూసే అడ్మిన్లు, రిఫరీలు ఉంటారు. అబ్జర్వర్లని ఉంటారు, గేమ్ లోపల కెమెరా తిప్పేది వాళ్లే. పదహారు జట్లు ఒకేసారి ఆడుతుంటే ఏ మూల కాల్పులు మొదలవుతాయో ముందే పసిగట్టి ప్రేక్షకుడికి చూపించాలి. క్షణం ఆలస్యమైతే ఆ మ్యాచ్‌లో అసలు ఘట్టం పోయినట్టే. వ్యాఖ్యానం చెప్పేవాళ్లను కాస్టర్లు అంటారు. తెలుగులో బిగువుగా, బూతులు లేకుండా, ఆట అర్థమయ్యేలా చెప్పగలిగేవాళ్లకు మంచి చోటు ఉందని నా నమ్మకం. ఇంకా ప్రసారం, గ్రాఫిక్స్, నెట్‌వర్క్, జట్ల మేనేజర్లు, స్పాన్సర్లను తెచ్చేవాళ్లు. జీతాలు ఇచ్చేది చాలావరకు ఆ చివరివాళ్లు తెచ్చే డబ్బుతోనే.

క్రీడ అనే మాట కూడా ఊరికే వచ్చింది కాదు. దక్షిణ కొరియాలో 2000లోనే దీనికి ఒక సంఘం పెట్టి, టీవీ చానల్ నడిపి, లీగులు కట్టారు. 2010లో అక్కడ మ్యాచ్ ఫిక్సింగ్ బయటపడితే పేరున్న ఆటగాళ్లను కూడా జీవితకాలం నిషేధించారు. 2018 ఆసియా క్రీడల్లో ప్రదర్శన పోటీగా పెట్టినప్పుడు మన తీర్థ్ మెహతా కాంస్యం తెచ్చాడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్ పతకాల పట్టికలోకే ఎక్కింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది.

ఇంత చెప్పి కూడా చదువు మాత్రం ఆపొద్దంటాను. ఎందుకో చెబుతాను, ఈ మాట మీవాడు కూడా చదవాలి.

బాబూ, కబడ్డీ ఎవరి సొత్తూ కాదు. తెనాలిలో ఎవరైనా గీత గీసి ఆడుకోవచ్చు. నీ ఆట అలా కాదు, అది ఒక కంపెనీ ఆస్తి. సర్వర్ వాళ్లది, నియమాలు వాళ్లవి, రేపు ఆపేసినా అడిగేవాడు లేడు. ప్రభుత్వం కూడా ఆపగలదు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్ పోయింది. దాని స్థానంలో 2021 జూలైలో వచ్చిన బీజీఎంఐని 2022 జూలై 28న యాప్ స్టోర్ల నుంచి తీసేశారు. తిరిగొచ్చింది 2023 మేలో. ఆ పది నెలల్లో నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయిని నేను మరచిపోలేను. డిగ్రీ మధ్యలో వదిలేసి ఒక సంస్థలో టోర్నమెంట్ అడ్మిన్‌గా చేరాడు. ఆట ఆగింది, ఉద్యోగం పోయింది, అప్పటికే చేసిన రెండు ఈవెంట్ల డబ్బు కూడా రాలేదు. చేతిలో ఒప్పంద పత్రం లేదు, ఫోన్‌లో మెసేజ్‌లు తప్ప. మళ్లీ డిగ్రీ పూర్తి చేయడానికి వాడు పడ్డ టెన్షన్ నేను దగ్గరుండి చూశాను.

అందుకే ఒక్క గేమ్‌ను నమ్ముకోకు. ఆ గేమ్ పోయినా నీతో మిగిలే పని నేర్చుకో. ప్రత్యక్ష ప్రసారం చేయడం వస్తే క్రికెట్ లీగుకైనా పెళ్లికైనా పనికొస్తుంది. ప్రసారానికి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టు, అది ఉచితమే. తర్వాత అలాంటిదే అయిన వీమిక్స్ చూడు. నువ్వు సీఎస్ఈ కుర్రాడివి, చేత్తో నింపే ఆ పాయింట్ల పట్టికను స్కోరు పడగానే తెర మీదికి దానంతటదే ఎక్కే సాఫ్ట్‌వేర్‌గా రాయి. అదే నీ ఫైనలియర్ ప్రాజెక్టు కావచ్చు. ఏ ఈ-స్పోర్ట్స్ కంపెనీ ఇంటర్వ్యూలోనైనా రెజ్యూమే కన్నా ముందు దాన్నే చూపించు. సెలవుల్లో హైదరాబాద్‌లో ఏ పెద్ద ఈవెంట్ జరిగినా వాలంటీర్‌గా వెళ్లు. కుర్చీలు మోయమన్నా మోయి, కానీ ప్రసారం గది తలుపు దగ్గర నిలబడి చూడు. ఎక్కడ పనిచేసినా రోజుకు ఎంత, ఎప్పటిలోగా ఇస్తారన్నది కాగితం మీద రాయించుకో.

ఇంకొకటి, దీన్ని నేను గట్టిగా చెబుతున్నాను. నీ 64 మందిలో ఇంటర్ పిల్లలు, పదో తరగతి పిల్లలు ఎంతమంది? బీజీఎంఐలోనే 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటల పరిమితి ఉంది. నువ్వు అర్ధరాత్రి రూమ్ పెడితే ఆ పిల్లాడు వాళ్ల నాన్న ఫోన్‌తో, వాళ్ల నాన్న అకౌంట్‌తో వస్తాడు. వయసు అడుగు, ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకో, రాత్రి పదికల్లా రూములు మూసెయ్యి. నీ నిద్రా బాగుపడుతుంది, మీ అమ్మ బెంగా తీరుతుంది.

అమ్మా, మీవాడి దగ్గర ఇప్పటిదాకా పెట్టిన టోర్నమెంట్ల లెక్కల షీట్ ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం మీరూ మీవారూ వాడితో కూర్చుని దాన్ని చూపించమనండి. ఎవరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత వెళ్లింది, గొడవలు ఎలా తేల్చాడు, అన్నీ అడగండి. తిట్టకుండా వినండి. ఎవరికైనా ఇవ్వాల్సింది మిగిలి ఉంటే ఆ రోజే ఇప్పించేయండి. ఆ షీట్ వరుసగా, దాపరికం లేకుండా ఉందో, లేక వాడు చూపించడానికి తటపటాయించాడో, ఏది జరిగినా ఆ సంగతి నాకు రాయండి. చదువు అయ్యాక వాడిని ఈ దారిలో పంపించాలా వద్దా అన్నది అది చూసే మాట్లాడుకుందాం.